గోవిందరాజస్వామి గుడి పక్క సందులో పాత పుస్తకాల షాపు: నాలుగు స్టార్లు, ఒకటి దుమ్ముకి పోయింది

ముందే చెప్పేస్తా, పార్కింగ్ లేదు. గాంధీ రోడ్డు నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో, ఇత్తడి సామాన్ల అంగడికీ జెరాక్స్ షాపుకీ మధ్యన ఇరుక్కుని ఉంటుంది, బోర్డు మీద అక్షరాలు ఎండకి పోయినాయి కాబట్టి పేరు చూసి కనుక్కుందాం అంటే కుదరదు, గడప దగ్గర పురికొసతో కట్టిన పాత వీక్లీల కట్టలు కనపడితే అదే. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఉండాల్సిందే. ఫ్యాన్ ఒకటే, అదీ షాపాయన వైపే తిరిగి ఉంటుంది. ఇన్ని తెలిసి కూడా నాలుగు స్టార్లు ఎందుకంటే, తిరుపతిలో పుస్తకాలు అమ్మే చోట్లు ఇంకా ఉన్నాయి గానీ "చదవడానికి నాకు టైమెక్కడిది" అనే మనిషి చేత కూడా చదివించే షాపు నాకు తెలిసి ఇదొక్కటే.

దానికి కారణం ఆయన రేట్లు పెట్టే పద్ధతి. పాత పుస్తకాల మీద అచ్చేసిన ధర రెండు రూపాయలో, రూపాయి పావలానో ఉంటుంది, దాంట్లో సగం అంటే ఆయనకి గిట్టదు, రచయిత పేరుని బట్టి పెడితే బేరం తెగదు, అందుకని మందాన్ని బట్టి పెట్టేసినాడు. వేలు మందం లోపుంటే ముప్పై రూపాయలు, రెండు వేళ్లుంటే అరవై, అంతకు మించితే ఆయన మూడ్. ఒకాయన నా ముందరే "ఏంది సామీ, పుస్తకానికి ఇట్ట కొలత పెడితే ఎట్ట" అని అడిగితే, "లోపలుండేది తూచే కాటా నా దగ్గర లేదు సామీ, అట్ట పట్టుకుని కొలస్తా ఉండా" అన్నాడు. (తిరుపతిలో అమ్మేవాడూ సామే, కొనేవాడూ సామే, బయట ఊర్ల నుంచి వచ్చినోళ్లు కంగారు పడొద్దు.)

దీనివల్ల లావు నవలలు కొనేవాళ్లకి పెద్ద ఒరిగేదేం లేదు గానీ కవిత్వం చదివేవాళ్లకి పండగ. మన కవిత్వం పుస్తకాలు జాస్తిగా సన్నవే కదా. శతకాలు, ఖండకావ్యాలు, వచన కవిత్వం సంపుటాలు, ఎవరో పాపం సొంత డబ్బులతో అచ్చేసుకుని చుట్టాలకి పంచగా అటకెక్కినవి, అన్నీ ఆ ముప్పై రూపాయల అరలోనే ఉంటాయి. ఒక కారందోశ తిన్నంత ఖర్చు. బాగా లేకపోతే పోయిందేమీ లేదు, బాగుంటే మాత్రం వారమంతా నడుస్తుంది.

నేను పొద్దున తిరుపతిలో బస్సెక్కి చిత్తూరులో ఆఫీసుకి పోయి సాయంత్రానికి తిరిగొచ్చే బాపతు. డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది ఒకవైపు. లావు పుస్తకం అయితే బ్యాగులో క్యారియర్ పక్కన పట్టదు, పట్టినా కథ ఎక్కడ ఆపినామో గుర్తుండదు, సగంలో స్టాపు వస్తుంది, మళ్లీ రేపు మొదటి నుంచి, చివరికి విసుగొచ్చి ఫోన్ తీసి రీల్స్ చూసుకుంటా కూర్చుంటాం. సన్న పుస్తకంతో ఆ గొడవ లేదు. ఈ షాపులో నేను మొదట కొన్నది శ్రీకాళహస్తీశ్వర శతకం, తాత్పర్యంతో ఉన్న పాత ప్రతి. స్కూల్లో రెండు మూడు పద్యాలు బట్టీ పట్టి, ప్రతిపదార్థం రాసి, మార్కులు వేయించుకుని వదిలేసిన సరుకు అది. బస్సులో చదివితే వేరే సంగతి. ఒక పద్యం, నాలుగు పాదాలు, చంద్రగిరి వచ్చేలోపు రెండుసార్లు చదివి తాత్పర్యం చూసి మళ్లీ పద్యానికి వస్తే అప్పుడు దాని నడక తెలుస్తుంది. శార్దూలాలూ మత్తేభాలూ కాబట్టి పాదం పొడుగ్గా ఉంటుంది, ఊపిరి చూసుకుని చదవాల, చివర "శ్రీకాళహస్తీశ్వరా" దగ్గరికి వచ్చేసరికి మనకే తెలీకుండా పెదాలు కదులుతాయి. ఈ శతకం రాసిన ధూర్జటి ఎవరంటే కృష్ణదేవరాయల అష్టదిగ్గజాల్లో ఒకడని చెప్పుకుంటాం, అంతటి రాజు ఆస్థానం చూసిన మనిషి, రాజులు మత్తెక్కి ఉంటారు, వాళ్ల కొలువు నరకంలాంటిది అని దేవుడికి కంప్లైంట్ ఇచ్చినట్టు రాసినాడు చూడండి, అది చదివి నేరుగా పోయి మా మేనేజర్ ముందర రివ్యూ మీటింగ్‌లో కూర్చుంటే ఆ గంట ఎంత హాయిగా గడిచిందో చెప్పలేను.

ఇంకోటి జరిగింది ఆ పుస్తకంతోనే. పక్క సీట్లో పెద్దామె, చాలాసేపు నా పెదాలు చూసి, "ఏం స్తోత్రం చదువుకుంటా ఉండావు మ్మా" అనింది. శతకం అని చెప్పినా. అంతే, ఆమె వేమన పద్యాలు అందుకుంది, ఒకటి అయ్యేలోపు ఇంకోటి, పూతలపట్టు దాకా ఆపలేదు, పైగా నాకు రావు అనుకుని రెండేసి సార్లు చెప్పింది. చదువుకున్నావా అమ్మా అంటే, యాడ, మూడో తరగతే అనింది. ఆటవెలది అట్టా ఉంటుంది మరి, పొట్టి పాదాలు, నోట్లో పట్టేంత, నాలుగో పాదం ఎట్టాగూ అందరికీ తెలిసిందే కాబట్టి మూడు గుర్తుంటే పద్యం వచ్చేసినట్టే. ఇదంతా షాపు రివ్యూలో ఎందుకు అంటారేమో, ముప్పై రూపాయలకి ఇంత వచ్చింది అని చెప్పడానికి.

అదే అరలో కట్టమంచి రామలింగారెడ్డి గారి ముసలమ్మ మరణం దొరికింది. చిత్తూరులో కట్టమంచి అంటే మాకు చెరువూ, ఆ పక్క ఏరియానూ, ఆటోవాళ్లు అరిచే పేరు. ఆ ఊర్లో 1880లో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లోనే ఈ కావ్యం రాసి, తర్వాత 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి వైస్ ఛాన్సలర్ అయిన మనిషని బోర్డుల మీద చూసినా గానీ ఆయన రాసింది మాత్రం ఇప్పటిదాకా చేతిలోకి తీసుకోలేదు. కథ అనంతపురం వైపుది, బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణం ఇచ్చిన కోడలి కథ. దేవుళ్లూ రాజులూ కాకుండా ఒక రైతు ఇంటి కోడలిని పెట్టుకుని కావ్యం రాయడం ఆ కాలానికి ఎంత కొత్తో, ఆఫీసుకి పోతా కట్టమంచి చెరువు పక్కనుంచి బస్సు తిరిగేటప్పుడు ఆలోచించుకోవచ్చు. భాష మాత్రం గట్టిదే, నిఘంటువు లేకుండా నాకు ముక్కలు ముక్కలుగానే అర్థమయింది, అయినా కట్ట తెగే చోట ఆగబుద్ధి కాలేదు.

కథల అర ఇంకో పక్క. మన జిల్లా కథలకి ఈయన వేరే అర పెట్టినాడు, అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "మనోళ్లు" అని రాసి. మధురాంతకం రాజారాం గారివి ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. దామలచెరువులో బడిపంతులు చేస్తా కథలు రాసుకున్న ఆయన, 1993లో సాహిత్య అకాడమీ అవార్డు ఆ కథలకే వచ్చింది, కొడుకు నరేంద్ర గారు ఇక్కడే ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పినాడు, ఆయన నవలకీ 2022లో అదే అవార్డు. దామలచెరువు అంటే బయటివాళ్లకి మామిడికాయల మండీ గుర్తొస్తుంది, మాకు ఈ ఇల్లు గుర్తొస్తుంది. రాజారాం గారి కథలు నిదానంగా ఉంటాయి, ఫోన్‌కి అలవాటు పడ్డ ప్రాణానికి మొదటి రెండు పేజీలు కష్టం, మూడో పేజీ నుంచి మన ఊరి మనిషి పక్కన కూర్చుని చెప్తా ఉన్నట్టే. నామిని సుబ్రమణ్యం నాయుడు గారివి మాత్రం ఎప్పుడు అడిగినా "నిన్ననే పోయింది సామీ" అంటాడు. నిన్ననే పోయిందంటే పోయింది నిజమేగానీ ఆ నిన్న ఏ నెలదో తెలీదు. మన ఇంట్లో మాట్లాడుకునే యాసలో పుస్తకం అచ్చయి ఉంటే ఎవరు మాత్రం తిరిగి అమ్ముకుంటారు లెండి.

అసలు నన్ను ఈ షాపుకి కట్టేసింది మాత్రం రాతబుక్కు. గల్లాపెట్టె పక్కన స్టూలు మీద ఒక పొడుగాటి లెక్కల పుస్తకం, ఎర్ర గుడ్డ బైండింగ్‌ది, వ్యాపారస్తులు దీపావళికి కొత్తది కొంటారు చూడండి అట్టాంటిది, దానికి పురికొసతో బాల్ పెన్ను కట్టి పెట్టినాడు. ఈయన పుస్తకాలు అద్దెకి కూడా ఇస్తాడు, అట్ట తీసుకున్న పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఆ బుక్కులో నాలుగు లైన్లు రాస్తే అద్దె పది రూపాయల్లో రెండు తగ్గిస్తాడు. ఏం రాసినా సరే, పుస్తకం గురించే అక్కర్లేదు, కానీ బూతులు రాస్తే పేజీ చించి మొహాన కొడతాడంట. ఆ బుక్కు చదవడానికే నేను ఒక్కోసారి పోతా. డిగ్రీ పిల్లోడెవరో లవ్ ఫెయిల్యూర్ కవిత రాసి కింద గీత గీసి "ఇది కాపీ కాదు" అని రాసుకున్నాడు, దాని కింద ఇంకెవరో వేరే పెన్నుతో "కాపీ అయ్యుంటే బాగుండేది" అని. కండక్టర్ ఒకాయన, రాత్రి సర్వీసుల గురించి రెండు రెండు లైన్లు రాస్తాడు, పేరు ఉండదు, డ్యూటీ నంబర్ల లాంటివి వేస్తాడు, ఆయన చేతిరాత కోసం నేను పేజీలు తిరగేస్తా. రిటైర్డ్ టీచర్లు కందపద్యాలు రాస్తారు, యతి తప్పితే ఇంకో రిటైర్డ్ టీచర్ ఎర్రింకుతో సున్నా చుడతాడు. దర్శనం అయిపోయి రైలు టైము దాకా తిరుగుతా ఉన్న యాత్రికులెవరో కొండ మీద లడ్డు లైను గురించి పెద్ద వ్యాసమే రాసిపెట్టి పోయినారు.

నేను మొదట్లో రాయలేదు, సిగ్గు. రెండు రూపాయల కోసం అని మనసుకి చెప్పుకుని మొదలుపెట్టినా, ఇప్పుడు రెండు రూపాయలు తగ్గించకపోయినా రాస్తా. బస్సులో కనపడింది, చెవిన పడింది, ఏదైనా నాలుగు లైన్లు. ఆయనేం కవిత్వం తెలిసినట్టు మాట్లాడడు, రాసింది బాగుందని ఒక్కనాడూ అనలేదు, కానీ ఒకసారి అన్నమయ్య సంగతి ఎత్తినాడు. "ఈ గుడి వీధుల్లో తిరిగిన మనిషేనమ్మా ఆయన కూడా, రోజుకో కీర్తన తక్కువ కాకుండా రాసినాడంట, అన్నీ మంచిగా కుదిరి ఉంటాయా ఏంది, రాసేది మాత్రం ఆపలేదు" అని. చెప్పుకునే లెక్క 32 వేల కీర్తనలు, మనకి దొరికినవి దాదాపు 14 వేలు, అవి కూడా తిరుమల గుళ్లో చీకటి అరలో రాగిరేకుల మీద దాదాపు నాలుగు వందల ఏళ్లు పడి ఉండి 1922లో బయటపడినాయి. భక్తి కీర్తనల సంగతి అందరికీ తెలుసు, నాకు నచ్చేది ఆయన మాటలు యాడ నుంచి తెచ్చుకున్నాడో అది, వీధిలో ఆడోళ్లు మాట్లాడుకునేవి, పిల్లోళ్లని లాలించేవి, వడ్లు దంచుకుంటా పాడుకునేవి, అన్నిటినీ కీర్తనలోకి లాగేసినాడు. వీటి కోసం మాత్రం ఈ షాపుకి రాకండి, ఈయన దగ్గరున్నవి అతుకుల బొంతలు. తాళ్లపాక సాహిత్యం మొత్తం 29 సంపుటాలుగా టీటీడీనే వేసింది, టీటీడీ పుస్తకాల కౌంటర్లలో రేట్లు కూడా తక్కువే, వాళ్ల ఈబుక్స్ వెబ్‌సైట్‌లో చాలా పుస్తకాలు ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఈయనే చెప్తాడు ఆ మాట, అడిగినోళ్లని అటు పంపిస్తాడు.

అద్దె లైబ్రరీ గురించి పెద్దగా చెప్పేది లేదు. వంద డిపాజిట్, వారానికి పది. ఎక్కువగా ఒకప్పటి వీక్లీ సీరియల్ నవలలు, యద్దనపూడి, యండమూరి లాంటివి, అట్టలకి బ్రౌన్ పేపర్ వేసి నంబర్లు వేసినవి. మా అమ్మ కోసం తెస్తా ఉంటా. ఆమెకి పెళ్లి కాకముందు వీధిలో ఇట్టాంటి అద్దె షాపు ఉండేదంట, ఒక నవల ముగ్గురు అక్కచెల్లెళ్లు వంతులేసుకుని ఒక్కరోజులో చదివి ఇచ్చేసేవాళ్లంట, ఇప్పుడు ఒకటే వారమంతా చదువుతుంది, క్లైమాక్స్ ముందు తెలిసినా సరే. ఉల్లిపాయలు తరుగుతా చదివిన పేజీలకి పసుపు మరక అయితే ఈయన ఏమీ అనడు, అన్ని పుస్తకాలకీ ఉండాదిలే అంటాడు.

ఇక పోయిన స్టార్ సంగతి.

దుమ్ము. శుభ్రంగా తుడిచిన పుస్తకం ఒక్కటి కూడా చూడలేదు నేను. పై అరలోది తీయమంటే స్టూలెక్కి లాగుతాడు, దాంతో పాటు ఒక మేఘం దిగుతుంది. డస్ట్ అలర్జీ ఉన్నోళ్లు మాస్క్ పెట్టుకునే రండి. పురుగు తొలిచిన బొక్కలు ఉంటాయి, అది పాత పుస్తకాలతో ఎట్టాగూ తప్పదు. కానీ పేజీలు పోవడం మాత్రం చూసుకోవాల. పాత ప్రింట్లలో జాస్తిగా పదహారు పేజీలకి ఒక ఫారం చొప్పున కుట్టి ఉంటారు కాబట్టి పోతే ఒకటీ అరా కాదు, మొత్తం ఫారం పోతుంది, 48 తర్వాత నేరుగా 65 వచ్చేస్తుంది. కొనేముందు పేజీ నంబర్లు గబగబా తిరగేసి చూసుకోండి, ముఖ్యంగా చివరిది. తిరిగి తీసుకోడు. అడిగితే "అందుకే కదా సామీ ముప్పై" అంటాడు, దానికి మన దగ్గర జవాబు ఉండదు.

చందమామల రేటు అన్యాయం. మందాన్ని బట్టి రేటు అన్న మనిషి చందమామ దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేస్తాడు, అదొక్కటీ సంవత్సరాన్ని బట్టి. 1947 జూలైలో మొదలైన పత్రిక, ఇప్పుడు అచ్చు రావడం లేదు, దాచుకునేవాళ్లు బయట ఊర్ల నుంచి వచ్చి ఎంతకైనా కొనుక్కుపోతా ఉన్నారు, ఆయన తప్పు కూడా కాదేమో. కానీ నాలాగా పిల్లలకి బేతాళ కథ చదివి వినిపిద్దాం అని పోయేవాళ్లకి ఆ రేట్లు అందవు. పిల్లల పుస్తకాలు వేరేవి అసలు లేవు, ఈ విషయంలో షాపుకి సున్నా.

ఇంకో లోటు ఉంది, ఇది ఆయనకి కూడా చెప్పినా. ఆయన స్టాకు ఎట్ట వస్తుందంటే ఎవరైనా పాతకాలపు తెలుగు పండితులు, టీచర్లు పోయినాక ఇంట్లోవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తా బస్తాల్లెక్కన ఇస్తారు. అందుకని అరల నిండా ఆ పెద్దాయనల ఇష్టాలే ఉంటాయి. శతకాలు, ప్రబంధాలు, వ్యాఖ్యానాలు, అభినందన సంచికలు, సన్మాన పత్రాలు కూడా. ఆడవాళ్లు రాసిన కవిత్వం కావాలంటే వెతుక్కుని వెతుక్కుని అలిసిపోతాం, స్త్రీవాద కవిత్వం, దళిత కవిత్వం గట్టిగా వచ్చిన తర్వాతి సంపుటాలు ఏదో ఒకటి దారి తప్పి వస్తే రావాల. తరిగొండ వెంగమాంబ పేరు మీద కొండ మీద అన్నప్రసాద కేంద్రం ఉంది, రోజూ వేలమంది ఆ పేరు కింద భోంచేసి వస్తారు, ఆమె మన తరిగొండ ఆడబిడ్డ, కావ్యాలు రాసిన మనిషి, ఆమె పుస్తకం ఒక్కటి మీ "మనోళ్లు" అరలో లేదేమి సామీ అంటే తల గోక్కున్నాడు. తర్వాత పోయినప్పుడు చూస్తే అరలో ఇంకా లేదు గానీ, అట్టముక్క మీద "మనోళ్లు" కింద "ఆడోళ్లవి ఉంటే తెచ్చివ్వండి, మంచి రేటు ఇస్తాం" అని కొత్త లైను కనపడింది.

లైబ్రరీ ఉండగా ఇదెందుకు అనేవాళ్లకి: నేనూ మెంబర్‌నే. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనమే కడతా ఉన్నాం, రూపాయికి 8 పైసలు, వాడుకోవాల్సిందే. కానీ నేను పోయే శాఖలో కుర్చీలన్నీ పోటీ పరీక్షల పిల్లలతో నిండి ఉంటాయి, పాపం వాళ్ల అవసరం వాళ్లది, కవిత్వం బీరువా తాళం ఎవరి దగ్గరుందో అడిగి తెప్పించుకునేసరికి నా బస్సు పోతుంది. ఇక్కడ బీరువాలే లేవు.

టైమింగ్స్: పొద్దున పదిన్నరకి తీస్తాడు, మధ్యాహ్నం అన్నానికి మూసేసి నాలుగుకి మళ్లీ, రాత్రి ఎనిమిదిన్నర దాకా. బ్రహ్మోత్సవాలప్పుడు ఆ సందులోకి పోలేం, మానుకోండి. ఫోన్‌పే ఉంది, కానీ స్కానర్ స్టిక్కర్ వీక్లీల కట్ట వెనక ఉంటుంది, అడగాల. ఫోన్ చేసి ఫలానా పుస్తకం ఉందా అంటే ఉందో లేదో ఆయనకే తెలీదు, వచ్చి చూసుకోమంటాడు. చిత్తూరోళ్లకి ఒక సుఖం: పుస్తకం ఎంచి డబ్బులు కట్టి పోతే, ఎక్కువైనప్పుడు ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేస్తాడు, చార్జీ మనదే, బస్టాండులో మనమే పోయి తీసుకోవాల. ఆ పార్సిల్‌లో మనం అడగని సన్న పుస్తకం ఏదో ఒకటి పెట్టేస్తాడు, దానికి డబ్బులు తీసుకోడు గానీ చదివి రాతబుక్కులో రాసిందాకా ప్రతిసారీ అడుగుతా ఉంటాడు.